ఏడాది పాటు లైబ్రరీకి పోయా, పుస్తకం మాత్రం ముట్టలే

ముందే చెప్తున్నా, నాకు ఏపీ గ్రూప్-2 పోస్టు రాలేదు. ప్రిలిమ్స్ దాటా, మెయిన్స్ దగ్గర ఆగిపోయా. కాబట్టి టాపర్ టిప్స్ కోసం వచ్చినవాళ్లు నిరాశ పడతారు. యూనివర్సిటీ లైబ్రరీని ఎట్లా వాడకూడదో ఏడాది పాటు చేసి చూపించినోడి మాటలివి.

మాది కడప. పీజీ అయిపోయినాక, చదివిన యూనివర్సిటీ లైబ్రరీకే క్యారియర్ పట్టుకుని రోజూ పోయేవాణ్ణి. దేనికంటే ఫ్యాన్ కింద సీటు కోసం. మన ఎండలు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్నే పోయి సీట్లో కర్చీఫ్ వేయడం, కోచింగ్ మెటీరియల్ జిరాక్సులు తీసి పచ్చ హైలైటర్‌తో గీతలు కొట్టడం, సాయంత్రం బస్సెక్కడం. చుట్టూ అన్ని పుస్తకాలుంటే ఒక్కటీ ముట్టలే. ఒకరోజు అరలు సర్దే పెద్దాయన నా పక్కన ఆగి, "ఏం నాయనా, రోజూ వస్తావు, ఒక్క పుస్తకమన్నా తీయవే?" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నా గానీ గుచ్చుకుంది.

2024 ఫిబ్రవరి 25న ప్రిలిమ్స్ రాశాం. మెయిన్స్ జూలై 28 అన్నారు, తర్వాత జనవరి 5 అన్నారు, ఆఖరికి 2025 ఫిబ్రవరి 23న జరిగింది. ఆ వాయిదాలకు నీరుగారిపోయినవాళ్లలో నేనూ ఉన్నా. జిరాక్సులు మూడుసార్లు తిరగేశాక ఇక వాటిని చూడబుద్ధి కాలేదు. అప్పుడు లేచి అరల మధ్యకు పోయా.

పాలిటీ పుస్తకాల కోసం 320 దగ్గర అరగంట వెతికా. చివరికి పెద్దాయనే 342 దగ్గరికి తీసుకుపోయాడు. లైబ్రరీల్లో విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలిచ్చే డ్యూయీ పద్ధతిలో 320 రాజనీతి శాస్త్రం, 342 రాజ్యాంగ చట్టం. మన దేశానిదైతే 342.54. భారత చరిత్ర 954, ఆంధ్రప్రదేశ్ చరిత్ర 954.84, మన ఆర్థిక వ్యవస్థ 330.954. సైన్స్ అండ్ టెక్నాలజీ పక్కన పెడితే మెయిన్స్ సిలబస్ దాదాపు ఈ అంకెల్లోనే ఉంది. పీజీ చదివిన రెండేళ్లలో పుస్తకాల మీద అంటించిన చీటీల్లోని అంకెలు ఏంటివని ఒక్కసారి కూడా అడగలేదు నేను.

అక్కడే రాజ్యాంగ పరిషత్ చర్చల సంపుటాలు కనపడ్డాయి. హక్కుల కోసం నేరుగా సుప్రీంకోర్టుకు పోనిచ్చే ఆర్టికల్ 32 రాజ్యాంగానికి ఆత్మ, హృదయం అని అంబేద్కర్ అన్నాడని మనందరం బట్టీ కొట్టినవాళ్లమే కదా. చూద్దామని ఏడో సంపుటం తీసి 1948 డిసెంబర్ 9 నాటి పేజీలకు పోతే, అక్కడ 32 లేదు, 25 ఉంది! అచ్చుతప్పేమో అనుకున్నా. ముందూ వెనకా నాలుగు పేజీలు చదివాక అర్థమైంది, ముసాయిదాలో దాని నంబరే 25. ఇది లేకపోతే రాజ్యాంగమే శూన్యమని ఆయన చెప్పిన మాట కూడా అక్కడే ఉంది. ఆ తర్వాత, ఆ ఆర్టికల్ కింద కోర్టు ఇచ్చే ఆదేశాలైన రిట్ల గురించి మళ్లీ చదవాల్సిన పని పడలేదు నాకు. అట్లని పన్నెండు సంపుటాలూ ముందేసుకోకండి, మునిగిపోతారు. కీలకమైన ఆర్టికల్స్ ఓ పది పట్టుకుని వాటి మీద చర్చ మాత్రం చూడండి.

ఏపీ చరిత్రకు 75 మార్కులు. ఎర్రముక్కపల్లిలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ముందు నుంచి చిన్నప్పటి నుంచీ తిరుగుతున్నా, లోపలికి పోయింది మాత్రం ఈ వాయిదాల్లోనే. బ్రౌన్ 1820లో కడపకు వచ్చి, బంగళా కొని, తాళపత్రాలు పోగుచేయించిన చోటు అది. వేమన పద్యాలను 1829లో అచ్చేయించింది ఆయనే. బంగళా శిథిలమైతే ఆ చోట గ్రంథాలయం కోసం జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుబట్టి పనిచేశారు. 2006 నుంచి యోగి వేమన యూనివర్సిటీ కింద ఉంది. ఊళ్ల చరిత్రలు రాసిపెట్టిన కైఫీయతుల్లో పడి రెండు వారాలు పోగొట్టుకున్నా. ఒక్క మార్కూ రాలేదు, బాధ కూడా లేదు. మీరు మాత్రం పరీక్ష అయ్యాక పోండి.

చదువు అయిపోయినవాళ్లు యూనివర్సిటీ లైబ్రరీలో అనుమతి అడగడానికి మొహమాటపడొద్దు. ఇంటికి ఇవ్వకపోయినా అక్కడ కూర్చుని చదువుకోనిస్తారేమో కనుక్కోండి. అంత దూరం పోలేనివాళ్లకు నేషనల్ డిజిటల్ లైబ్రరీ, శోధ్‌గంగ ఫోన్లోనే ఉన్నాయి. సీమ కరువు మీదా, నీళ్ల మీదా యూనివర్సిటీల్లో రాసిన థీసిస్‌లకు శోధ్‌గంగలో వెతకండి. రాష్ట్ర సామాజిక ఆర్థిక సర్వే మాత్రం కొత్త ఏడాదిదే చదవాలి, పాతదాంట్లో అంకెలు బట్టీ కొట్టి నేను దెబ్బతిన్నా.

ఇంకోటి. చదివిన పుస్తకం మీరే అరలో పెట్టకండి, బల్ల మీద వదిలేయండి. నేను మంచి చేస్తున్నా అనుకుని ఆ ఏడో సంపుటం ఎక్కడో దూర్చి వచ్చా. మరుసటి రోజు చూస్తే లేదు. ఎవరో దాచేసుకున్నారని అందరి మీదా అనుమానపడ్డా. నాలుగో రోజు పెద్దాయన దాన్ని 954 అరలోంచి తీసుకొచ్చి, ఏమీ అనకుండా నా జిరాక్సుల మీద పెట్టి వెళ్లిపోయాడు.