నోటి మాట, కడుపు మాట

నేను ఈ దేశానికి వచ్చి ఐదో సంవత్సరం నడుస్తోంది. అందులో పెద్ద భాగం కిటికీలు లేని, ఎర్ర దీపం మాత్రమే వెలిగే ఒక చిన్న గదిలో గడిచింది. చిట్టెలుకలు చీకట్లో తిని వెలుగులో నిద్రపోతాయి కనుక, మనకు పగలైన వేళ వాటికి రాత్రి అయ్యేలా ప్రయోగశాలలోని ఎలుకల గదుల్లో దీపాల వేళలను తలకిందులు చేస్తారు. ఎర్రని వెలుగు వాటికి దాదాపు కనిపించదు. చలికాలంలో పొద్దు పొడవకముందే లోపలికి వెళ్లి చీకటి పడ్డాక బయటికి వస్తే, వారాల తరబడి వాటికీ నాకూ రాత్రే.

నా పని ఏమిటని అమ్మ ఫోనులో అడిగినప్పుడు, ఎలుక పాలు తాగుతుంటే దాని మెదడులో ఏం జరుగుతుందో చూస్తానని చెప్పాను. "పాలు తాగితే కడుపు నిండుతుంది, ఆ సంగతి తెలుసుకోవడానికి అంత దూరం వెళ్లాలా నాన్నా?" అంది. నవ్వేశాను గానీ, నన్ను ఇక్కడికి రప్పించిన ప్రశ్న సరిగ్గా అదే.

మెదడు కాండం అడుగున, మజ్జాముఖంలో, మేము ఎన్‌టీఎస్ అని పిలిచే ఒక సన్నని నాడీకణాల పట్టీ ఉంది. నాలుక నుంచి, గొంతు నుంచి రుచిని మోసుకొచ్చే 7, 9, 10వ కపాల నాడులు దాని ముందు భాగంలో దిగుతాయి. జీర్ణాశయం, పేగుల వార్తలను తెచ్చే వేగస్ నాడి పోగులు ప్రధానంగా వెనుక భాగంలో దిగుతాయి. దీన్ని వచ్చిన ఉత్తరాలను పైకి పంపే తపాలా కార్యాలయంగా మాత్రమే చూడటం పొరపాటు. ముందు మెదడుతో సంబంధం తెంచేసిన పెద్ద ఎలుకలు సైతం చక్కెర నీటికి నాలుక చాపి చప్పరించాయని, చేదుకు నోరు తెరిచి వెళ్లగక్కాయని 1978లోనే గ్రిల్, నార్‌గ్రెన్ చూపించారు. మింగాలా వద్దా అన్న తొలి తీర్పు అక్కడే జరుగుతుంది.

నేను మాత్రం కడుపు పక్షం వాడిగా వచ్చాను. 2020లో కొలంబియా విశ్వవిద్యాలయంలోని చార్లెస్ జూకర్ బృందం ప్రచురించిన పరిశోధన నన్ను పూర్తిగా పట్టేసింది. చక్కెర నీరు, కృత్రిమ తీపి కలిపిన నీరు పక్కపక్కన పెడితే, మొదట రెంటినీ సమానంగా తాగిన చిట్టెలుకలు రెండు రోజుల్లో చక్కెర వైపు మళ్లాయి. తీపి రుచే తెలియని ఎలుకలు కూడా అలాగే మళ్లాయి, ఎందుకంటే వాటి పేగు వేగస్ ద్వారా ఎన్‌టీఎస్‌కు కబురు పంపుతోంది. ఆ తర్వాత 2022లో హార్వర్డ్‌లోని స్టీఫెన్ లిబర్లెస్ బృందం జీర్ణాశయానికి, చిన్నపేగు మొదటి భాగానికి, స్వరపేటికకు ఎన్‌టీఎస్‌లో వేరువేరు చోట్లు ఉన్నాయని, కణాలను అణచి ఉంచే నిరోధక సంకేతాలను ఆపేస్తే ఆ పటం అలుక్కుపోతుందని చూపించింది. అసలు నిర్ణయాలన్నీ పొట్టవే, నాలుక గుమ్మం దగ్గరి కావలివాడు మాత్రమేనని నాకు గట్టి నమ్మకం ఏర్పడింది.

25 గ్రాముల ప్రాణి తలలో, అనుమస్తిష్కం కింద దాగిన ఆ చోటికి 0.4 మిల్లీమీటర్ల గాజు తంతువును చేర్చడం చేతికి రావడానికే నెలలు పట్టింది. నాడీకణం చురుకైనప్పుడు దానిలో కాల్షియం పెరుగుతుంది; కాల్షియం తగిలితే వెలిగే ప్రోటీన్‌ను ఆ కణాల్లో ముందే ఉంచి, ఆ వెలుగును తంతువు ద్వారా కొలుస్తాం. అది కుదిరాక, గొట్టం ద్వారా ఆహారాన్ని నేరుగా జీర్ణాశయంలోకి పంపితే, కణాల వెలుగు నిమిషాల మీద మెల్లగా పెరిగింది. నేను ఆశించినది అదే. అదే ఎలుక నోటితో తాగినప్పుడు మాత్రం, నాకినప్పుడల్లా వెలుగు సెకన్లలో ఎగసి, ఆపగానే పడిపోయింది. నాకేటప్పుడు తల కదులుతుంది కనుక అది కదలిక వల్ల వచ్చిన దోషమని తేల్చేశాను. కాల్షియంతో మారని ఊదా వెలుగు కొలతతో పోల్చి చూస్తే కదలికేనా కాదా అన్నది తెలుస్తుంది. ఆ కొలత నా ఫైళ్లలోనే ఉంది, అందులో ఆ ఎగుడుదిగుళ్లు లేవు. చూశాను, అయినా పక్కన పెట్టాను.

దీన్ని ల్యాబ్ సమావేశంలో ఎందుకు చూపలేదో ఇప్పుడు నిజాయితీగా చెప్పాలి. నా ఒప్పందం ఏటా పొడిగించాలి, వీసా ఆ ఒప్పందాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. అలాంటివాడు అర్థంకాని ఫలితాన్ని పదిమంది ముందు, తనది కాని భాషలో, తడబడుతూ సమర్థించుకోవడం కంటే, అందరూ తలూపే గ్రాఫును చూపడానికే మొగ్గుతాడు. నేను పద్ధతిగా, ఏ తప్పూ దొరకకుండా మాట్లాడాను.

2023 నవంబరులో సాన్‌ఫ్రాన్సిస్కోలోని జాకరీ నైట్ బృందం వ్యాసం నేచర్ పత్రికలో వచ్చింది. ఎన్‌టీఎస్ వెనుక భాగంలో పీఆర్ఎల్‌హెచ్, జీసీజీ అనే జన్యువుల పేర్లతో పిలిచే రెండు రకాల నాడీకణాలు ఉన్నాయి. పీఆర్ఎల్‌హెచ్ కణాలు, ఆహారం నేరుగా కడుపులోకి వెళ్తే పేగు మాట వింటాయి. ఎలుక మామూలుగా తింటే నోటిలోని రుచికి సెకన్లలో స్పందించి, తినే వేగాన్ని తగ్గిస్తాయి. వాటి పక్కనే ఉన్న జీసీజీ కణాలు పొట్ట సాగడాన్ని నిమిషాల తరబడి లెక్కగట్టి, చాలు అనిపిస్తాయి. అంటే రుచి తినమని ఉసిగొల్పడమే కాదు, కళ్లెం కూడా వేస్తుంది. నేను కదలిక అనుకున్నది ఆ కళ్లెమే.

ఆ వారం మా ప్రొఫెసర్ ఇలాంటిది మనకెప్పుడైనా కనిపించిందా అని అడిగితే, ఏడాదిన్నర కిందటి ఫైలు తెరిచి చూపించాను. ఆయన చాలాసేపు తెరవైపే చూసి, ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగారు. వీసా సంగతి ఆయనకు చెప్పలేదు. కదలిక అనుకున్నానని అన్నాను, అందులోనూ సగమే నిజం. ఒప్పందం పొడిగించారు.

ఇప్పుడు నోరు ఒక మాట, కడుపు మరో మాట చెబితే ఆ కణాలు ఎవరి మాట వింటాయో కొలుస్తున్నాను: నోటికి తీపి, అదే క్షణంలో గొట్టం ద్వారా కడుపుకు ఉత్త నీరు. నిన్న మూడో ఎలుక వెలుగు నాకుడు ఆగినా పడలేదు. కారణం నాకు తెలియదు. గ్రాఫు తీసి సోమవారం సమావేశానికి మొదటి స్లైడుగా పెట్టాను.