చెప్పులు విప్పే గుడి

ఇంగ్లండ్ వచ్చి ఎనిమిదేళ్లయినా, ఇక్కడి మరియమాత పుణ్యక్షేత్రం వాల్సింగమ్ పేరు నేనెప్పుడూ వినలేదు. మా విచారణలో (చర్చి పారిష్‌లో) ఉండే కేరళ అక్క ఒకామె, "ఏటా జూలైలో మేమంతా వెళ్తాం, ఈసారి మీ అమ్మగారిని తీసుకెళ్లు" అంది. గుంటూరు నుంచి నా దగ్గరికి వచ్చిన అమ్మకి ఆ మాట చాలు. మర్నాటి నుంచే జపమాల సర్దుకుని కూర్చుంది.

లెస్టర్ నుంచి నార్ఫోక్‌కి కారులో బయల్దేరాం. దారిలో అమ్మకి కథ చెప్పాను. 1061లో రిచెల్డిస్ అనే ఆవిడకి మరియమాత కనిపించి, గాబ్రియేలు దూత మంగళవార్త చెప్పిన నజరేతు ఇంటిలాంటిది ఇక్కడ కట్టమందని నమ్మకం. తర్వాత మూడో హెన్రీ మొదలు చాలామంది రాజులు ఇక్కడికి వచ్చారు. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌ని మరియమాత సొత్తు అనేవారు. మన పల్లెల్లో ఆడపిల్లకి పసుపుకుంకుమ కింద పొలం రాసిచ్చినట్టు, దేశాన్నే ఆమెకి రాసిచ్చారన్నమాట.

ఊరికి మైలు దూరంలో స్లిప్పర్ చాపెల్ ఉంది. 14వ శతాబ్దంలో కట్టిన చిన్న రాతి గుడి. యాత్రికులు ఇక్కడే చెప్పులు వదిలి, మిగిలిన మైలు ఉత్త కాళ్లతో నడిచేవారట. నేనా మాట పూర్తి చేసేలోపే అమ్మ చెప్పులు విప్పి కవర్లో పెట్టేసింది. "గుణదల కొండెక్కేటప్పుడు వేసుకున్నామా ఏంటే? విప్పు నువ్వూ."

ఎనిమిదో హెన్రీ కూడా 1511లో కొడుకు పుట్టాడని ఈ దారినే ఉత్త కాళ్లతో వచ్చాడంటారు. ఆ బిడ్డ రెండు నెలలైనా బతకలేదు. 1538లో ఆ రాజు మనుషులే ఇక్కడి మఠాన్ని మూసేశారు, మాత స్వరూపాన్ని లండన్ తీసుకెళ్లి కాల్చేశారు. చెప్పులు విప్పే ఈ గుడి ఆ తర్వాత పేదల వసతి అయింది, కమ్మరి కొలిమి అయింది, పశువుల కొట్టం కూడా అయింది.

నన్ను కదిలించింది మాత్రం షార్లెట్ బోయిడ్ కథ. 1896లో ఆవిడ ఈ కొట్టాన్ని కొని చర్చికి అప్పగించింది. కానీ మరుసటి ఏడాది మాత పుణ్యక్షేత్రాన్ని ఇక్కడ కాకుండా కింగ్స్ లిన్ పట్టణంలో నెలకొల్పారు. ఇక్కడ మళ్లీ పూజ జరిగింది 1934లో. అప్పటికి ఆవిడ పోయి 28 ఏళ్లు. లోపల కొవ్వొత్తి వెలిగించేటప్పుడు మా వాళ్లతో పాటు ఆవిడ పేరూ తలుచుకున్నాను.

నడక అనుకున్నంత తేలిక కాదు. తారు రోడ్డు మీద సన్న కంకర గుచ్చుకుంటోంది, మధ్యలో జల్లు. మోకాళ్ల నొప్పుల అమ్మకి ఏమవుతుందోనని నాకు టెన్షన్. ఆమె మాత్రం "మంగళవార్త మరియమ్మా" అంటూ జపమాల పూసలు తిప్పుతూ నాకంటే ముందే నడిచింది.

మఠం శిథిలాల్లో ముందుగా కంట పడేది ఆకాశమంత ఎత్తున్న తూర్పు కిటికీ తోరణం. గాజు లేదు, గోడ లేదు, అందులోంచి చెట్లు కనిపిస్తాయి. ఆ పక్కనే పచ్చికలో, నజరేతు ఇల్లు ఉన్న చోటని చెప్పే చిన్న పలక. అమ్మ తడి గడ్డి మీదే మోకాళ్లూనింది. నుదురు నేలకి ఆనించి చాలాసేపు లేవలేదు. చెప్పుల కవరు ఎడమ చేతికి వేలాడుతూనే ఉంది.