చిట్టా ముందు, ఆవర్జా తర్వాత

పూర్వ విద్యార్థుల సంచిక కోసం ఏదైనా జ్ఞాపకం రాయమన్నారు. హాస్టల్ మెస్సు గురించీ, గోపాల్‌పూర్ తీరంలో గడిపిన సాయంత్రాల గురించీ మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు, నాకంటే బాగా రాస్తారు. నేను ఒక సబ్జెక్టు గురించి రాస్తాను. 2012లో భంజ బిహార్‌లో, అంటే బరంపురం యూనివర్సిటీలో, ఎంసీఏలో చేరిన మా బ్యాచ్‌కు రెండో ఏడాది వచ్చిన డీబీఎంఎస్ (కంప్యూటర్లో సమాచారాన్ని భద్రపరచి, అడిగినప్పుడు తెచ్చిపెట్టే వ్యవస్థల పాఠం) గురించి.

మా క్లాసులో తెలుగు ఇళ్ల పిల్లలం బాగానే ఉండేవాళ్లం. బరంపురం వాళ్లు, ఛత్రపురం వాళ్లు, పర్లాకిమిడి నుంచి వచ్చి హాస్టల్లో దిగినవాళ్లు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా, అందులో వింతేమీ లేదు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, పుస్తకంలో ఇంగ్లిష్. మాలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చుగానీ రాయడం రాదు. నాకు వచ్చిందంటే అది మా అమ్మమ్మ పట్టుదల.

సబ్జెక్టు చెప్పిన సార్ ఒడియా ఆయన. మొదట్లో మమ్మల్ని ల్యాబ్ వైపు వెళ్లనివ్వలేదు. కమాండ్లు ఎవరైనా నేర్చుకుంటారు, ముందు ఈ శాస్త్రం ఎందుకు పుట్టిందో తెలుసుకోండి అనేవారు. అప్పుడు విసుగనిపించింది. ఇప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లను చూస్తుంటే ఆయన పద్ధతే నయమనిపిస్తోంది.

అపోలో రాకెట్ విడిభాగాల జాబితా కోసం 1960లలో ఐబీఎం తయారుచేసిన ఐఎంఎస్ అనే డేటాబేస్ వ్యవస్థతో ఆయన మొదలుపెట్టారు. అందులో తల్లి రికార్డు కింద పిల్ల రికార్డులు ఉంటాయి. ఏ సమాచారం కావాలన్నా పైనుంచి కిందికి దారి పట్టుకుని దిగాలి. ఆ దారి ప్రోగ్రాము రాసేవాడికి తెలిసి ఉండాలి. రేపు ఎవరైనా అమరిక మార్చితే ఆ దారిని నమ్ముకున్న ప్రోగ్రాములన్నీ పడకేస్తాయి. 1970 జూన్‌లో ఎడ్గర్ కాడ్ అనే ఐబీఎం పరిశోధకుడు ఒక వ్యాసం అచ్చువేశాడు. యంత్రం లోపల సమాచారం ఎలా అమరి ఉందో వాడేవాళ్లు తెలుసుకోవలసిన అగత్యం ఉండకూడదన్నదే అందులోని మొదటి మాట. సమాచారాన్ని టేబుళ్లుగా చూడండి, ఏం కావాలో అడగండి, ఎలా తేవాలో యంత్రం చూసుకుంటుందన్నాడు. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో విమానాలు నడిపినవాడట. సొంత కంపెనీయే ఆయన మాటను సరుకుగా మార్చడంలో ఆలస్యం చేసింది. అదే కంపెనీలో చాంబర్లిన్, బాయ్స్ 1974లో టేబుళ్లను ప్రశ్నలడిగే సీక్వెల్ అనే భాషను వివరిస్తూ వ్యాసం రాశారు, ఆ పేరే తరువాత ఎస్‌క్యూఎల్‌గా కుదించుకుంది. అయినా దాన్ని అందరికంటే ముందు మార్కెట్లో పెట్టినది, 1979లో, ఆ తరువాత ఒరాకిల్‌గా పేరుపడిన చిన్న కంపెనీ. సార్ ఈ భాగాన్ని పొరుగింటి తగాదా చెప్పినంత ఇష్టంగా చెప్పేవారు.

తరువాత కీ గురించిన పాఠం. ఒక మనిషి వివరాలున్న వరుసను మరో వరుస నుంచి ఏది వేరుచేస్తుంది? పేరు అని ఎవరో అన్నారు. తెలుగు పిల్లలం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం. ఎందుకో చెప్పమన్నారు సార్.

మనకు ఇంటిపేరు ముందు. పైగా దాన్ని ఒక్క అక్షరానికి కుదించేస్తాం. ఒడియా వాళ్లకు ఇంటిపేరు చివర: సాహు, పాణిగ్రాహి, పట్నాయక్. దరఖాస్తు చూసే గుమస్తా చివరి ముక్కను ఇంటిపేరు గడిలో వేసేస్తాడు. అలా మా తాతయ్యకు, నాన్నకు, బాబాయికి ‘రావు’ ఇంటిపేరైంది. అసలు ఇంటిపేరు ఒక కాగితంలో పొడి అక్షరంగా, ఒక కాగితంలో పూర్తిగా, మరో కాగితంలో అసలు లేకుండా ఉంటుంది. ఇక తెలుగు పేరును ఒడియా లిపిలో రాసి, అక్కడి నుంచి ఇంగ్లిష్‌లోకి దింపితే అక్షరాలు ఎక్కడెక్కడ పెరుగుతాయో, తగ్గుతాయో చెప్పలేం. పెళ్లయి పిల్లలున్న మా అత్తయ్య కాగితాల ప్రకారం ఇప్పటికీ ‘కుమారి’ వారి ఇంటి ఆడపడుచే.

సార్ నవ్వి, ఇదే పాఠం అన్నారు. పేరు అనే గడిలో రెండు మూడు విషయాలు కుక్కి పెట్టడం ఒక తప్పు, ప్రతి గడిలో విడదీయనక్కర్లేని ఒక్క విలువే ఉండాలన్నది మొదటి నార్మల్ ఫారం. పేరును గుర్తింపుగా వాడటం రెండో తప్పు. మారే అవకాశమున్నదీ, మరొకరికి ఉండే అవకాశమున్నదీ ప్రైమరీ కీగా పనికిరాదు. ఆ వారం ఇంటి పని: ఎవరి ఇంటి రేషన్ కార్డు, ఓటరు కార్డు, కరెంటు బిల్లు వాళ్లు తెచ్చుకుని, వాటిలో ఉన్న విషయాలకు పీటర్ చెన్ 1976లో చూపించిన పద్ధతిలో పటం గీయాలి. మనిషి ఒక పెట్టె, ఇల్లు ఒక పెట్టె, మధ్యలో ‘నివసించు’ అనే వజ్రాకారపు గడి. కరెంటు మీటరు ఇంటిదా, మనిషిదా? చనిపోయిన తాత పేరు మీదే బిల్లు వస్తున్న ఇళ్లు మా క్లాసులో చాలానే తేలాయి. ఆ పటాల మీద జరిగినంత వాదన నేను తరువాత ఏ ఆఫీసు సమావేశంలోనూ చూడలేదు.

నార్మలైజేషన్ (ఒకే సంగతి పదే పదే రాయకుండా టేబుళ్లను విడదీయడం) మిగతా మెట్లు హాస్టల్ రిజిస్టరుతో చెప్పారు. రోల్ నంబరు తెలిస్తే గది తెలుస్తుంది, గది తెలిస్తే బ్లాక్, బ్లాక్ తెలిస్తే వార్డెన్. ఇవన్నీ ఒకే టేబుల్లో రాస్తే, వార్డెన్ మారినప్పుడు అన్ని వరుసలూ దిద్దాలి. ఒక్కటి మరిచిపోతే బ్లాక్‌కు ఇద్దరు వార్డెన్లు. సెలవుల్లో ఆ బ్లాక్ పిల్లల పేర్లన్నీ కొట్టేస్తే అసలు వార్డెనే ఉండడు. అందుకే ప్రతి సంగతినీ ఒక్కచోటే రాయాలి. మూడో నార్మల్ ఫారం నిర్వచనం నాకు ఇప్పుడు పుస్తకంలో ఉన్నట్టు అప్పజెప్పడం రాదు, ఆ రిజిస్టరు మాత్రం కళ్లముందే ఉంటుంది.

ఎట్టకేలకు ల్యాబ్. లాగిన్ స్కాట్, పాస్‌వర్డ్ టైగర్. స్కాట్ అనేవాడు ఒరాకిల్ తొలినాటి ఉద్యోగి అనీ, టైగర్ ఇంట్లోని పిల్లి పేరనీ చెప్పారు. ఆ లాగిన్‌తో వచ్చే నమూనా కంపెనీలో, ఎంప్ టేబుల్లో పద్నాలుగు మంది ఉద్యోగులు, డెప్ట్ టేబుల్లో నాలుగు శాఖలు. మా తరం విద్యార్థులకు వాళ్లు దూరపు బంధువులతో సమానం. కింగ్ ప్రెసిడెంటు, అతని మేనేజరు గడి ఖాళీ. ఉద్యోగుల పక్కన వాళ్ల మేనేజర్ల పేర్లు తెమ్మని మామూలు జాయిన్ (జత కుదిరిన వరుసలనే కలిపి చూపేది) రాస్తే కింగ్ జాబితా నుంచే మాయమైపోతాడు. అందరికంటే పెద్దవాడే కనబడడు. బోస్టన్‌లోని ఆపరేషన్స్ శాఖలో ఒక్క ఉద్యోగీ లేడు, మామూలు జాయిన్‌లో ఆ శాఖ కూడా కనబడదు. జత దొరకని వరుసలను కూడా ఉంచే అవుటర్ జాయిన్ ఎందుకు పుట్టిందో ఈ రెండు ఖాళీలు చూస్తే చాలు.

అన్నిటికంటే నచ్చినది కమీషన్ కాలమ్. అందులో విలువ ఉన్నది నలుగురికే: 300, 500, 1400, టర్నర్‌కు 0. మిగతా పదిమందికి నల్, అంటే విలువే లేని ఖాళీ. టర్నర్‌కు కమీషన్ ఉంది, ఈసారి అది సున్నా. మిగతావాళ్లకు ఆ సంగతే వర్తించదు. సగటు అడిగితే 550 వస్తుంది, అంటే 2200ను నాలుగుతో భాగించినది. నల్‌లను సున్నాలుగా మార్చి అడిగితే 157 చిల్లర. ఏది సరైన సగటు అని సార్ అడిగారు. ప్రశ్న ఏమిటో తేలకుండా జవాబు చెప్పకండి అని ఆయనే అన్నారు. నల్‌కు ఏం కలిపినా నల్లే కాబట్టి, జీతానికి కమీషన్ కలిపితే పదిమంది ఆదాయం నల్ అయిపోవడం చూసి ఒక మిత్రుడు, బీదవాళ్లకు జీతమూ ఎగ్గొట్టే కంపెనీ అన్నాడు.

ఆ సెమిస్టరు మధ్యలోనే ఫైలిన్ తుఫాను వచ్చింది. 2013 అక్టోబరు 12, దుర్గాష్టమి నాటి రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. రాష్ట్రంలో దాదాపు పది లక్షల మందిని ముందే తరలించడంతో ప్రాణనష్టం తగ్గింది. చెట్లు, కరెంటు స్తంభాలు మాత్రం మిగలలేదు. పండుగ పందిళ్లు ఎక్కడెక్కడో తేలాయి. రోజుల తరబడి కరెంటు లేదు. సెలవుల తరువాత క్లాసులు మొదలైనా ల్యాబ్ నడిచే పరిస్థితి లేదు. సార్ సుద్దముక్క తీసుకుని, పాఠ్యక్రమంలో చివర ఉన్న ట్రాన్సాక్షన్ల (జరిగితే పూర్తిగా జరగాలి, లేదంటే అసలు జరగకూడదనే పనుల) అధ్యాయాన్ని ముందుకు జరిపారు. కరెంటు పోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదన్నారు.

ఒక ఖాతాలోంచి డబ్బు తీసి మరో ఖాతాలో వేసే మధ్యలో కరెంటు పోయింది. డబ్బు ఎక్కడుంది? అసలు టేబుల్‌ను ముట్టుకునే ముందు, పాత విలువ ఇది, కొత్త విలువ ఇది అని లాగ్ అనే వరస నమోదులో రాసి, ఆ రాత డిస్కు మీదకు చేరేలా చూడాలని సూత్రం. మాకు ఎక్కలేదు. అప్పుడు బడా బజార్‌లో పట్టుచీరల దుకాణం ఉన్న ఇంటి అబ్బాయి లేచి, ఇది మా నాన్న చిట్టాయే కదా సార్ అన్నాడు. ఏ బేరమైనా జరిగిన వెంటనే వరసగా చిట్టాలో రాస్తారు. రాత్రి తీరిగ్గా దాన్ని చూసి ఆవర్జాలో ఎవరి ఖాతాలో వారికి ఎక్కిస్తారు. ఎక్కిస్తుండగా దీపం పోయినా ఫరవాలేదు, చిట్టా ఉంటే ఆవర్జా మళ్లీ రాసుకోవచ్చు. ముందు ఆవర్జా రాసి తరువాత చిట్టా రాసే షావుకారు దివాలా తీస్తాడు. సార్ వాడినే బోర్డు దగ్గరికి పిలిచి మిగతా క్లాసుకు ఒడియాలో చెప్పించారు. కమిట్ అయిన, అంటే పూర్తయినట్టు ఖాయమైన ట్రాన్సాక్షన్లను లాగ్ చూసి మళ్లీ చేయడం, కాని వాటిని వెనక్కి తిప్పడం, ఎంత వెనక్కి వెళ్లాలో చెప్పే చెక్‌పాయింట్, అన్నీ ఆ రెండు పుస్తకాలతోనే నడిచిపోయాయి.

ట్రాన్సాక్షన్ల శాస్త్రానికి 1998లో కంప్యూటర్ శాస్త్రంలో పెద్దదైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్న జిమ్ గ్రే గురించి కూడా అప్పుడే విన్నాను. 2007 జనవరిలో ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఒంటరిగా పడవలో సముద్రంలోకి వెళ్లి తిరిగిరాలేదు. ఎంత వెతికినా పడవ దొరకలేదు. తుఫాను వెలిసిన తరువాతి రోజులవి, మా ఊళ్లో ఆ కథకు క్లాసంతా నిశ్శబ్దమైపోయింది.

తుఫాను సాయం జాబితాలు వచ్చినప్పుడు మా పేట తెలుగువాళ్ల పేర్లతో పాత కథే మళ్లీ నడిచింది. మా తాతయ్య ఒక జాబితాలో ఇంటిపేరుతో, మరో దాంట్లో రావుగా, ఇద్దరుగా ఉన్నారు. పక్కింటి ఆయన ఎందులోనూ లేరు. డీబీఎంఎస్ నేర్చుకున్న మనవడు ఉన్నాడు కదా అని ఆ కాగితాలు నా చేతికిచ్చారు. పేట కుర్రాళ్లం ఇంటి నంబరూ, రేషన్ కార్డు నంబరూ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి సరిపోల్చాం. అది చేత్తో వేసిన జాయిన్, అవుటర్ జాయిన్ కూడా.

ఇక కమిటీ వారికి ఒక మనవి. పూర్వ విద్యార్థుల జాబితా చూశాను. మా బ్యాచ్‌లో రావులు అందరూ ఒకే కుటుంబంలా వరసగా ఉన్నారు, ఒకాయన మూడు చోట్ల ఉన్నారు. దయచేసి పేరును బట్టి కలపకండి. క్లాసు రోల్ నంబరు ఒక్కటీ చాలదు, అది ఏటా ఒకటి నుంచే మొదలయ్యేది. చేరిన సంవత్సరం, రోల్ నంబరు కలిపి కీగా పెట్టండి. ఫోను నంబరు తెలియనివారి గడిని ఖాళీగా వదలండి, సున్నా వేయకండి.