ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ రెండో అటెంప్ట్: 190 సినిమాలతో పోయింది, 24తో వచ్చింది

సెలెక్షన్ లిస్ట్ వచ్చి నాలుగు రోజులైంది, ఇంకా రోజుకు పదిసార్లు ఆ పీడీఎఫ్ తెరిచి నా నంబర్ అక్కడే ఉందా లేదా అని చూసుకుంటా ఉన్నా. ఎఫ్‌టీఐఐ, అంటే పుణేలో ఉండే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, డైరెక్షన్ కోర్సు, రెండో అటెంప్ట్. మెసేజ్ చేసినోళ్ళందరూ అడిగేది ఒకటే, "అన్నా ఏం సినిమాలు చూసినావు, లిస్ట్ పెట్టు" అని. పెడతా. కానీ అట్లాంటి లిస్ట్ పట్టుకునే నేను ఫస్ట్ టైమ్ పోయినా, ముందు అది చెప్పాల, లేకుంటే మీరూ అదే పని చేస్తారు.

మాది చిత్తూరు. నాయన జ్యూస్ ఫ్యాక్టరీలో, సీజన్‌లో మామిడికాయల లారీలు లెక్క రాసుకునే పని. నేను తిరుపతి భవానీ నగర్లో రూము, నలుగురం, వాళ్ళు ముగ్గురూ గ్రూప్-2, సినిమా పిచ్చోడిని నేనొక్కడినే. వాళ్ళు పాలిటీ బిట్లు బట్టీ కొడతా ఉంటే చూసి చూసి నేను సినిమాల్ని కూడా బిట్లలాగే చదివినా. రషోమన్, కురొసావా, 1950. బైసికిల్ థీవ్స్, డి సికా, 1948. ఎక్సెల్ షీట్‌లో ఎనిమిది నెలలకు 190 సినిమాలు, ఒక్కోదాని పక్కన టిక్కు. ఎట్లా చూసినా? 1.5 స్పీడ్‌లో, అన్నం తింటా, కొన్నయితే సగం చూసి మిగతా కథ చదువుకుని. అబద్ధం ఎందుకు, ఎంట్రన్స్‌లో బిట్లు అడిగే పేపర్ వన్‌కు అది సరిపోయింది కూడా. రిటన్ దాటేసినా.

ఇంటర్వ్యూలో ఇష్టమైన సినిమా ఏదంటే బిల్డప్‌గా ఉంటుందని టోక్యో స్టోరీ అన్నా. ఓజు, 1953, ముసలితనం, తరాల మధ్య దూరం, కెమెరాను నేలమీద చాపేసుకుని కూచున్నోడి కంటి ఎత్తులో పెడతాడు, ఇట్లా దంచినా. ప్యానెల్లో ఒకాయన అంతా విని, సినిమా మొదట్లో ఆ ముసలి మొగుడూ పెళ్ళాం ఊరికి పోను సర్దుకుంటా ఏదో కనపడలేదని వెతుక్కుంటారు గదా, ఏంది అది అని అడిగినాడు. నాకు ఏమీ గుర్తు రాలా. గొడుగు అన్నా. ఆయన నవ్వలా, కోప్పడలా. "గాలిదిండు" అన్నాడు. తర్వాత, అది ఎవరి దగ్గర ఉండింది అని అడిగినాడు. దానికీ నోరు పెగల్లా. ఆ ఏడాది అక్కడితో అయిపోయింది.

రూముకు వచ్చి వారం రోజులు ఎవరితో సరిగ్గా మాట్లాడలా. తర్వాత ఒక రాత్రి అదే సినిమా మళ్ళీ పెట్టినా, మామూలు స్పీడ్‌లో, రెండుంపావు గంట. గాలిదిండు గొడవ మొదట్లోనే ఉంది. నీకిచ్చినా అంటే నాకియ్యలేదు అని, ఇద్దరూ గొంతు కూడా పెంచరు. తిరుమలకు పోయేముందు మా అమ్మానాయనా దర్శనం టికెట్ కాగితం కోసం వెతుక్కునేది అచ్చం ఇట్లే, మా ఇంట్లో గొంతులు పెరుగుతాయి, అంతే తేడా. ముప్పై నలభై ఏండ్ల సంసారాన్ని ఒక దిండులో పెట్టి చూపించినాడాయన, నేను దాన్ని దాటేసి టిక్కు కొట్టుకున్నా.

ఎక్సెల్ షీట్ ఆ రాత్రే డిలీట్ చేసినా. రెండో ఏడాది మొత్తం 24 సినిమాలే, ఒక్కోటి మూడుసార్లు. మొదట మామూలుగా, తర్వాత మ్యూట్‌లో, తర్వాత స్క్రీన్‌కు వీపు పెట్టి సౌండ్ మాత్రమే. రూమోళ్ళు నాకు గాలి సోకిందనుకున్నారు.

24లో మీకు ఒక్కటే చెప్పమంటే ఇల్ పోస్తో. ఎర్మన్నో ఓల్మి, ఇటలీ, 1961, గంటన్నర. పేరుకు అర్థం ఉద్యోగం. పల్లె పక్కనుంచి ఒక పిల్లోడు మిలాన్‌లో పెద్ద కంపెనీలో పర్మనెంట్ ఉద్యోగం కోసం పరీక్ష రాసేదానికి పోతాడు. ఒక లెక్క ఇస్తారు, గుంజీలు తీయించినట్టు వంగి లేవమంటారు, ఏవేవో వింత ప్రశ్నలు అడుగుతారు. పాసవుతాడు, కానీ క్లర్కు పోస్టు ఖాళీ లేదని ముందు అటెండరు. తర్వాత ఒక క్లర్కు చచ్చిపోతే ఖాళీ వస్తుంది. పిల్లోడిని ఆ ముందు టేబుల్లో కూచోబెడితే వెనకాల ఏండ్ల తరబడి ఉండే క్లర్కు ఒప్పుకోడు, అందరూ సామాన్లు ఎత్తుకుని ఒక్కో టేబులు ముందుకు జరుగుతారు, పిల్లోడు చివరికి. చివర్లో సైక్లోస్టైల్ మిషన్ టకటక టకటక, అంతే.

దీన్ని మా రూములో పెద్దన్నతో చూసినా, 31 ఏండ్లు, రెండుసార్లు మెయిన్స్ దాకా పోయినోడు. కారం దోశ పార్సిల్ విప్పుకుని కూచున్నాడు. టేబుళ్ళు జరిగే సీన్ వచ్చినప్పుడు దోశ ముక్క చేతిలోనే ఉండిపోయింది, చట్నీ కారి లుంగీ మీద పడతాంది, చూసుకోలా. అయిపోయినాక నేను ఏదో పెద్ద మాట అంటాడనుకుంటే, "సీనియారిటీ కరెక్టే గదరా, ఎనకాల అన్నేండ్లు కూచున్నోనికి ముందు సీటు ఇయ్యాల గదా" అన్నాడు. ఎంట్రన్స్‌లో పెద్ద జవాబులు రాసే పేపర్ టూలో నేను రాసిన సీన్ ఈ దోశే. ఊరు మార్చినా, చట్నీ మార్చలా.

మిగతావి గబగబా చెప్తా. కియారొస్తమీ వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్, 1987: ఫ్రెండ్ నోట్‌బుక్ పొరపాటున ఇంటికి తెచ్చేసినోడు, తెల్లారేలోగా ఇవ్వకుంటే వాడిని స్కూల్ నుంచి తీసేస్తారు, ఇల్లేమో తెలీదు. పిల్లోడు మెలికలు తిరిగే దోవలో కొండెక్కి పరిగెత్తేటప్పుడు శ్రీవారి మెట్టు ఎక్కినోళ్ళకు మోకాళ్ళు నొస్తాయి. అందులో తాత జేబులో సిగరెట్లు పెట్టుకునే సిగరెట్లు తెమ్మని పంపిస్తాడు, మాట వినేది నేర్పాలని. అట్లాంటి తాతలు చిత్తూరులో వీధికి ఇద్దరు. సిస్సాకో టింబక్టు, 2014: ఫుట్‌బాల్ ఊరిని పట్టుకున్న తీవ్రవాదులు బ్యాన్ చేస్తే పిల్లకాయలు బాలు లేకుండానే మ్యాచ్ ఆడతారు, ఆ సీన్ మ్యూట్‌లో చూడండి. సెంబేన్ బ్లాక్ గర్ల్, 1966, గంట సినిమా, గోడకు తగిలించిన ఆ మాస్క్ మీదనుంచి కళ్ళు తీయొద్దు.

పేపర్ వన్ గురించి చెప్పేదేం లేదు, పాత పేపర్లు చేసుకోండి. ఫోన్ మాత్రం పక్కన పెట్టండి. పొద్దున ఐదుకు లేచి చూసిన సినిమా వేరు, రాత్రి రీల్స్ చూసి చూసి అలిసిపోయినాక పెట్టిన సినిమా వేరు. మన మండల్లో అందరికీ నేను సినిమాలు చూసి చెడిపోయినోడినే, మా మామ అయితే పెండ్లిలో అందరి ముందరే అన్నాడు, రెండేండ్లు నాయన డబ్బుతో సినిమాలు చూసినాడని. చూసినా. ముగ్గురు గ్రూప్-2 వాళ్ళతో పాటే లేచి వాళ్ళతో పాటే పండుకున్నా, వాళ్ళది చదువంట, నాది షోకంట. సరే వదిలేయండి.

నాయనకు ఫోన్ చేసి చెప్తే, "మూడేండ్లా? అయినాక పర్మనెంటేనా?" అన్నాడు. ఇల్ పోస్తో చూపించాల ఆయనకు.

హార్డ్ డిస్క్ పెద్దన్నకు ఇచ్చేసి పోతాండా. టోక్యో స్టోరీ అందులో ఉంది. గాలిదిండు ఎవరి దగ్గర ఉండిందో మాత్రం అడగొద్దండి, చెప్పను.