రబ్బరు బోటు పంపుకి కొత్త బ్యాటరీ వేసిన వైనం

స్విచ్ వేస్తే పంపు మోటారు హుషారుగానే మొదలయ్యేది. బోటు ట్యూబులు ఆకారానికి వచ్చేదాకా ఏ ఇబ్బందీ లేదు. ఫ్యాను ఆగి పిస్టన్ అందుకునే సమయానికి మాత్రం చప్పుడు మారిపోయి, నాలుగైదుసార్లు మూలిగి ఆగిపోయేది. గేజీలో ఒత్తిడి 0.1 బార్ దాటేది కాదు. ట్యూబులకి కావలసింది 0.25.

ఈ పంపుల్లో పని రెండు దశల్లో జరుగుతుంది. మొదట ఫ్యాను తక్కువ ఒత్తిడితో బోలెడు గాలి నింపుతుంది, కరెంటు తక్కువే లాగుతుంది. తర్వాత పిస్టన్ కొంచెం కొంచెంగా ఒత్తిడి పెంచుతుంది, అప్పుడే అసలు లోడు పడేది. నీరసించిన బ్యాటరీ మొదటి దశని ఎలాగో నెట్టుకొచ్చి రెండో దశలో చేతులెత్తేస్తుంది. పిస్టన్ వాషరు అరిగినా ఒత్తిడి పెరగదు గానీ, అప్పుడు మోటారు ఆగదు, తిరుగుతూనే ఉంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే పంపు విప్పకముందే సగం తేలిపోతుంది. మిగతా సగం కోసం పంపుతో వచ్చిన క్లిప్పుల వైరుని కారు బ్యాటరీకి తగిలించి చూశాను. ఆగకుండా 0.25కి వెళ్ళింది. అంటే మోటారు, పిస్టన్, గొట్టం బాగానే ఉన్నాయి. లోపలున్న బ్యాటరీదే తప్పు.

అయినా మల్టీమీటరు పెడితే ఆ బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది. చాలామంది ఇక్కడే మోసపోయి మోటారు మార్చేస్తారు. లోడు లేనప్పటి వోల్టేజీని నమ్మడానికి లేదు. దాన్ని పరీక్షించడానికి ఖరీదైన టెస్టరు అక్కర్లేదు, కారు హెడ్‌లైట్ హెచ్4 బల్బు చాలు. దాని 60, 55 వాట్ల ఫిలమెంట్లు రెండూ కలిపి వెలిగిస్తే 9 ఆంపులకి పైగా లాగుతుంది. బల్బు వెలుగుతుండగానే బ్యాటరీ కాళ్ళ (టెర్మినళ్ళ) మీద మీటరు పెట్టి 20 సెకన్లు చూడాలి. మంచి 7 ఆంపియర్-అవర్ (బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే కొలత) బ్యాటరీ 11.8 వోల్టుల దగ్గరో ఆపైనో నిలబడుతుంది. నాది పది సెకన్లలో 9కి జారింది. బల్బు గాజుని చేత్తో ముట్టుకోవద్దు, క్షణాల్లో కాలుతుంది.

ఛార్జరుని కూడా అనుమానించాలి. బ్యాటరీకి తగిలించకుండా కొలిస్తే నాది 14.6 వోల్టులు ఇచ్చింది, బాగానే ఉన్నట్టు. అది 13 లోపు ఉండుంటే ముందు ఛార్జరు మార్చాల్సింది. లేకపోతే కొత్త బ్యాటరీకీ పాతదాని గతే.

పంపు డొప్ప విప్పడానికి పొడవాటి స్టార్ స్క్రూడ్రైవరు కావాలి. స్క్రూలు ఎనిమిది. అయిదు పైకే కనిపిస్తాయి, రెండు అడుగున రబ్బరు బుడిపెల కింద, ఒకటి స్టిక్కరు కింద. అన్నీ తీశామనుకుని డొప్పని బలవంతంగా లాగితే ఆ కనిపించని స్క్రూ దగ్గరే పగులుతుంది. స్టిక్కరు మీద వేలితో నొక్కుతూ పోతే గుంట తగులుతుంది. బుడిపెలకి హెయిర్ డ్రయ్యరుతో కాస్త వేడి తగిలిస్తే చిరగకుండా ఊడి వస్తాయి. స్క్రూలన్నీ ఒకే పొడవు కావు. థర్మాకోల్ ముక్క మీద పంపు ఆకారం గీసి, ఏది ఎక్కడిదో అక్కడే గుచ్చాను. పొడుగు స్క్రూని పొట్టిదాని చోట బిగిస్తే ప్లాస్టిక్ చీలుతుంది.

డొప్ప రెండు ముక్కలయ్యాక ఒక్కసారిగా విడదీయకూడదు. గాలి బయటికొచ్చే చోటు నుంచి సర్క్యూట్ బోర్డుకి అగ్గిపుల్ల మందాన ఒక రబ్బరు గొట్టం వెళ్తుంది. పంపుకి ఒత్తిడి ఎంతో చెప్పేది అదే. అది ఊడినా, మడతపడినా గేజీ సున్నా దగ్గరే ఉండిపోతుంది, సెట్ చేసిన చోట పంపు ఆగదు. 0.25కి ఆగాల్సినది ఇంకా కొడుతూనే ఉంటే అతుకులు విచ్చుకునేది బోటుకే. అందుకే వైర్లు పీకకముందు నాలుగు పక్కల నుంచి ఫోటోలు తీసుకోవాలి, ఆ గొట్టం దారి కూడా ఫోటోలో పడాలి.

ఉంగరం, వాచీ తీసి పక్కన పెట్టాను. ఇంత చిన్న బ్యాటరీయే కదా అనుకోవద్దు, షార్ట్ అయితే వందల ఆంపులు వదులుతుంది. ముందు నల్ల వైరు, తర్వాత ఎర్ర వైరు. లగ్గుని (వైరు కొసన ఉండి బ్యాటరీ కాలికి తొడిగే లోహపు క్లిప్పుని) ముక్కు పటకారుతో పట్టి నిటారుగా లాగాలి, వైరు పట్టుకుని లాగితే లగ్గు వైరుని నొక్కి పట్టిన చోట తెగుతుంది. ఊడిన వెంటనే ఎర్రదానికి టేపు చుట్టాను. నల్లదాని లగ్గు మీద తెల్లటి పొడి పట్టి ఉంది. అది ఆసిడ్ ఊటే. గ్లాసు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్షుతో రుద్దితే నురగలొచ్చి పోయింది. తర్వాత తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనిచ్చాను.

బ్యాటరీ బయటికి రావడమే కష్టమైంది. పక్కలు కొంచెం ఉబ్బి గూట్లో బిగిసింది. అడుగున రెండు వైపులా అంటుకునే స్పంజి టేపు కూడా ఉంది. స్క్రూడ్రైవరుతో తెడ్డులా లేపితే బ్యాటరీ డబ్బా పగిలి ఆసిడ్ కారుతుంది. బోటులోనే ఉన్న గాలం దారం పనికొచ్చింది. మందపాటి నైలాన్ దారాన్ని బ్యాటరీ కిందికి దూర్చి, రెండు కొసలూ పట్టుకుని రంపంలా అటూ ఇటూ లాగితే స్పంజి కోసుకుపోయింది. తర్వాత నాడా వేసి పైకి లాగేశాను.

కొనేటప్పుడు బ్రాండు కంటే నాలుగు సంగతులు ముఖ్యం. ఒకటి కొలత. నా పంపులోది 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ లెడ్ ఆసిడ్ (సీసం ప్లేట్లు, ఆసిడ్ ఉండే) రకం, అంటే కంప్యూటరు యూపీఎస్‌లో ఉండేదే: 151 మి.మీ. పొడవు, 65 వెడల్పు, 94 ఎత్తు, కాళ్ళతో కలిపి దాదాపు 100. అదే కొలతలో 9 ఆంపియర్-అవర్‌ది కూడా దొరుకుతుంది. నేను అదే తీసుకున్నాను. 12 ఆంపియర్-అవర్‌ది 98 మి.మీ. వెడల్పుంటుంది, ఈ గూట్లో పట్టదు.

రెండోది కాళ్ళ వెడల్పు. 4.75 మి.మీ. రకం ఒకటి, 6.35 రకం ఒకటి. పంపు లగ్గులు 6.35వి. సన్నకాళ్ళ బ్యాటరీకి అవి వదులుగా కూర్చుంటాయి, లోడు పడగానే అక్కడ వేడెక్కి తొడుగు కరుగుతుంది. లగ్గుని పటకారుతో నొక్కేసి సర్దుకునేవాళ్ళున్నారు, పది వాడకాల్లో మళ్ళీ వదులవుతుంది. కాళ్ళకి నేరుగా సోల్డరింగ్ చేయడం ఇంకా చెడ్డపని: వేడికి కాలు చుట్టూ ఉన్న సీలు పోయి ఆసిడ్ ఊరుతుంది.

మూడోది లోడు తట్టుకునే శక్తి. లేబుల్ మీద 7 అని ఉంటే 7 ఆంపులు గంటసేపు వస్తుందని లెక్కేయడం తప్పు. ఆ అంకె 20 గంటల రేటుది, అంటే 20 గంటలపాటు నిదానంగా 0.35 ఆంపులు లాగినప్పటి మాట. 7 ఆంపులు లాగితే 35, 40 నిమిషాలే వస్తుంది. పిస్టన్ దశలో నా పంపు 14 దాకా లాగుతుంది, అప్పుడు పావుగంట. అందుకే యూపీఎస్‌ల కోసం చేసిన, ఎక్కువ కరెంటు ఇవ్వగల రకమే కావాలి. మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయరుకి వేసేది చూడ్డానికి ఇలాగే ఉంటుంది, ఊళ్ళో సులువుగా దొరుకుతుంది. కానీ ఆ మోటారు లాగేది మూడు నాలుగు ఆంపులే. దానికి సరిపోయినంత మాత్రాన దీనికి సరిపోతుందని చెప్పలేం.

లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ వేయొచ్చు కదా, బరువు సగం తగ్గుతుంది కదా అని నేనూ ఆలోచించాను. ఈ కొలతలో దొరికేవాటిలో చాలావాటి రక్షణ సర్క్యూటు 10 ఆంపుల లోపే కట్ అవుతుంది. పిస్టన్ మొదలవగానే పంపు ఆరిపోతుంది. 20 ఆంపులు వరసగా ఇస్తుందని లేబుల్ మీద రాసుంటే తప్ప ఆ జోలికి పోవద్దు.

నాలుగోది తయారైన తేదీ. కొట్లో ఏడాదిగా పడున్న బ్యాటరీ కొత్తదన్నమాటే గానీ లోపల పాతదే. మీటరు పట్టుకెళ్ళి కొలిచాకే డబ్బిచ్చాను. 12.7 ఉంటే మంచిది, 12.5 లోపుంటే ఇంకోటి అడగాలి, 12 లోపుంటే ఊరికే ఇచ్చినా వద్దు.

బిగించడంలో వరస తిరగబడుతుంది: ముందు ఎరుపు, తర్వాత నలుపు. అయితే వైరు రంగుని గుడ్డిగా నమ్మకుండా, బ్యాటరీ వైర్లు బోర్డుమీద ఏ గుర్తు దగ్గరికి వెళ్తున్నాయో చూసుకున్నాను. తారుమారైతే బోర్డు కాలిపోతుంది, బ్యాటరీ మార్చడానికి మొదలెట్టి పంపే మార్చాల్సి వస్తుంది. రెండున్నర కిలోల బరువు గూట్లో కదలకుండా పక్కలకీ అడుగుకీ 3 మి.మీ. స్పంజి చాప ముక్కలు పెట్టాను. పైన మాత్రం ఏదీ కప్పలేదు. మూత కింద గ్యాసు బయటికి పోయే వాల్వులుంటాయి. వాటిమీద టేపో గ్లూగన్ జిగురో పోస్తే బ్యాటరీ ఉబ్బుతుంది. లగ్గుల మీద పలచగా వాసలీన్ రాశాను, ఉప్పునీటి దగ్గర వాడే పంపుకి అది తప్పనిసరి.

డొప్ప మూసే ముందు ఒక కొలత తీసుకోవాలి. ఈ పనంతటిలో నాకు దక్కిన అసలు సంగతి అదే. నల్ల వైరు తీసి, మల్టీమీటరుని 10 ఆంపుల సాకెట్లో పెట్టి, బ్యాటరీకీ వైరుకీ మధ్య కలిపాను. పంపు స్విచ్ ఆపే ఉంది (మీటరు మధ్యలో ఉండగా పంపు ఆన్ చేస్తే మీటరు ఫ్యూజు పోతుంది). మొదట 0.00 చూపించింది. సాకెట్టు మార్చి మిల్లీ ఆంపుల్లో చూస్తే 4. పంపు ఆపేసినా గేజీ బోర్డు నిద్రపోతూ తాగే కరెంటు అది. నాలుగు మిల్లీ ఆంపులంటే రోజుకి దాదాపు 0.1, నెలకి 2.9 ఆంపియర్-అవర్. 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ 73 రోజుల్లో నేలమట్టం. వానాకాలం అయ్యాక అటకెక్కించి వేసవిలో దించితే ఏముంటుంది? ఖాళీగా పడున్న లెడ్ ఆసిడ్ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జి పెట్టినా ఎక్కదు. పాత బ్యాటరీ పోయింది వాడకం వల్ల కాదన్నమాట.

అందుకే ఎర్ర వైరు మధ్యలో ఒక బ్లేడ్ ఫ్యూజు (కార్లలో ఉండే, వేళ్ళతో పీకగల రెండు కాళ్ళ ఫ్యూజు) హోల్డరు వేసి, అది డొప్ప పక్క గాడిలోంచి బయటికి వచ్చేలా పెట్టాను. ఫ్యూజు 20 ఆంపులది. చవక హోల్డర్లకి సన్నవైరు ఉంటుంది, లోడుకి అదే హీటరవుతుంది. 2.5 చదరపు మి.మీ. వైరున్నది చూసి తీసుకోవాలి. పని అయిపోయాక ఫ్యూజు పీకేస్తే బ్యాటరీకీ బోర్డుకీ లంకె తెగిపోతుంది. ఛార్జి పెట్టేటప్పుడు మళ్ళీ గుచ్చాలి.

మొదటి ఛార్జి రాత్రంతా, పన్నెండు గంటలు పెట్టాను. ఈ ఛార్జరు నిండాక తనంతట తాను తగ్గే రకం కాదు, కాబట్టి పచ్చదీపం వచ్చాక తీసేయాలి, రోజుల తరబడి వదిలేయకూడదు. తీసిన నాలుగు గంటలకి కొలిస్తే 12.9. ఛార్జి ఎక్కుతుండగా పంపు వేయకూడదు, ఒక ఆంపు ఛార్జరు 14 ఆంపుల లోడుని మోయలేదు. మర్నాడు బోటు పూర్తిగా నింపితే ట్యూబులు మూడూ 0.25 దగ్గర వాటంతటవే ఆగాయి. రెండు నిమిషాలు పంపి మళ్ళీ డొప్ప తీసి లగ్గుల్ని ముట్టుకుని చూశాను, గోరువెచ్చగా కూడా లేవు.

ఇక వాడిన రోజే ఛార్జి. వాడకపోయినా మూడు నెలలకోసారి. మే నెలలో కారు డిక్కీలో వదిలేయడం లేదు: ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ బ్యాటరీ ఆయుష్షు సగమవుతుంది.

పాతదాన్ని చెత్తలో వేయకూడదు, లోపలంతా సీసం. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసినవాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదార్లదే. బ్యాటరీ కొట్లో ఇస్తే కిలోల లెక్కన బిల్లులో తగ్గించారు.

పీకిన ఫ్యూజు పోతే పంపు మొత్తం దండగ. అందుకని దాన్ని చిన్న జిప్ కవర్లో వేసి, స్పేరు ఇంకోటి జతచేసి, హ్యాండిల్‌కి ఆ గాలం దారంతోనే కట్టాను.