నానో పార్టికల్స్ పట్టించిన స్టెమ్ సెల్స్‌ని చిప్‌లో శుద్ధి చేయడం: నా అనుభవం

ఎముక మజ్జ నుంచి తీసిన స్టెమ్ సెల్స్ ఒంట్లోకి ఎక్కించాక ఎక్కడికి చేరాయో ఎంఆర్‌ఐలో తెలియాలంటే, ముందే వాటికి ఐరన్ ఆక్సైడ్ నానో పార్టికల్స్ పట్టించాలి. అప్పుడు అవి ఉన్నచోట స్కాన్‌లో నల్లటి మచ్చ కనిపిస్తుంది. చిక్కల్లా సెల్స్ లోపలికి పోకుండా ద్రవంలో మిగిలిపోయిన పార్టికల్స్‌తోనే. అవి కూడా ఎక్కితే, సెల్స్ లేనిచోటా మచ్చ పడుతుంది. ఆ మచ్చ చూసి డాక్టర్ సెల్స్ అక్కడికి చేరాయనుకుంటే? నా పీహెచ్‌డీలో ఈ పనిని పట్టుకుని వదలకపోవడానికి కారణం ఈ ప్రశ్నే.

మొదట్లో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, బఫర్‌తో, అంటే సెల్స్‌కి హాని చేయని ఉప్పు ద్రావణంతో, కడిగేవాళ్లం. విడి పార్టికల్స్ పోయేవి కానీ, ముద్దకట్టినవి సెల్స్‌తో పాటే అడుగున చేరేవి. పదేపదే తిప్పితే సెల్స్ దెబ్బతింటాయి. అందుకే స్పైరల్ చిప్‌కి మారాం, అంటే ద్రవం పారే సన్నటి దారి చుట్టలు చుట్టుకుని ఉండే చిన్న పలక. అచ్చులో పీడీఎంఎస్ అనే సిలికోన్ రబ్బరు పోసి, ఓవెన్‌లో గట్టిపరిచి, ప్లాస్మాతో (రక్తంలోది కాదు, విద్యుదావేశమున్న వాయువు) గాజు పలకకి అతికించడం కొన్నాళ్లకి చేతికి అలవాటవుతుంది.

కష్టమంతా నడపడంలోనే. బయటివైపు దారిలోంచి సెల్స్, లోపలివైపు నుంచి శుభ్రమైన బఫర్ పంపుతాం. మలుపుల్లో ద్రవం అడ్డంగానూ సుళ్లు తిరుగుతుంది, దాన్నే డీన్ ఫ్లో అంటారు. 15 మైక్రాన్లున్న సెల్ లోపలి గోడ దగ్గర నిలదొక్కుకుంటుంది. నానో పార్టికల్ మాత్రం ద్రవం ఎటు తీసుకెళ్తే అటే పోయి, చివరికి బయటి గోడవైపు తేలుతుంది. చిన్న గాలి బుడగ చేరినా ఈ అమరిక చెదిరిపోతుంది. సెల్స్ సిరంజిలో అడుగుకి దిగిపోతుంటాయి. కలపడానికి మాగ్నెటిక్ స్టిరర్ వాడలేం, ఇనుము పట్టిన సెల్స్ దాన్నే అంటుకుంటాయి. సిరంజిని చేత్తో మెల్లగా తిప్పుతూ కూర్చునేదాన్ని.

వేగం కుదిరినప్పుడు మైక్రోస్కోప్‌లో సెల్స్ లోపలి గోడ వెంట సన్నటి గీతలా సాగాయి. బయటి ట్యూబ్‌లోకి లేత గోధుమరంగు ద్రవం, లోపలి ట్యూబ్‌లోకి రంగులేని ద్రవం వచ్చాయి. ఎంత సంతోషం వేసిందో!

కంటికి కనిపించింది చాలదు కదా. ఇనుము ఉన్నచోట నీలంగా మారే ప్రష్యన్ బ్లూ రంగు వేస్తే, ఆ నీలం సెల్స్ లోపలే ఉండాలి, మధ్య ఖాళీల్లో కనిపించకూడదు. చచ్చిన సెల్స్‌కి మాత్రమే అంటే ట్రిపాన్ బ్లూ రంగుతో బతికున్నవి లెక్కపెట్టాలి. ఎముక, కొవ్వు సెల్స్‌గా మారే శక్తి పోలేదని తేలడానికి వారాలు పడుతుంది. నాకు టెన్షన్ అంతా అప్పుడే.

కిలో బరువుకి 10 లక్షల సెల్స్ చొప్పున ఇస్తే, 60 కిలోల మనిషికి 6 కోట్లు కావాలి. అన్నీ ఒక్క చిప్‌లోంచే పోవాలంటే చాలాసేపు పడుతుంది, అంతసేపు సెల్స్‌ని సిరంజిలో ఉంచలేం. అందుకే ఇప్పుడు చాలా చిప్‌లు కలిపి నడిపే ఏర్పాటు చేస్తున్నాం. అన్నిటికీ ప్రవాహం సమానంగా పంచడం ఇంకా కుదరలేదు.