నీరటికాడు లేని కాలువ

ఆదివారం. బాపును తీసుకొని లక్నవరం చెరువుకు పోయొచ్చినం. ములుగు దాటినంక చల్వాయి దాకా ఎండే, లోపలికి తిరిగాక చెట్లు. టికెట్ల దగ్గర పెద్ద లైను, దాని గురించి రాసేదేం లేదు.

బోటులో లైఫ్ జాకెట్ బక్కిల్ బాపుకు పడలేదు. బోటు నడిపే పిల్లగాడు ఇంజను ఆపకుండానే ఒంటిచేత్తో టక్కున పెట్టేశాడు. వేలాడే వంతెన దగ్గరికి రాగానే బోటులో ఉన్నవాళ్లందరి ఫోన్లూ పైకి లేచాయి. కింద నుంచి చూస్తే పలకల సందుల్లోంచి జనాల చెప్పులు కనిపిస్తాయి, ఎవరో గెంతితే తాళ్లన్నీ ఊగుతాయి. బాపు మాత్రం అటు చూడనే లేదు. "కట్ట యాడుందిరా?" అన్నాడు.

నాకూ ఆ మాటే నచ్చింది. వంతెన నిన్నమొన్నటిది. గుట్టకూ గుట్టకూ మధ్య సందును మట్టికట్టతో మూసి, ఇంత నీళ్లను నిలబెట్టింది కాకతీయులు. ఇప్పటికీ ఆ తూముల నీళ్లతోనే గోవిందరావుపేట దిక్కు పొలాలు పారుతున్నాయి. ఫోటోలు మాత్రం వంతెనకే!

చెరువు నిండితే నీళ్లు పొర్లే మత్తడి కాడ కూర్చొని సర్వపిండి తిన్నాం. బాపు చాలాసేపు ఆయకట్టు లెక్కలే మాట్లాడాడు.

రాత్రి ఇంగ్లండు నుంచి అన్న కొడుకు ఫోన్ చేశాడు. వాడుండేది బాత్ అనే ఊళ్లో. దోస్తులతో కలిసి కెనెట్ అండ్ ఏవన్ కాలువలో పడవ మీద తిరిగాడట, వీడియో చూపించాడు. ఏడడుగుల వెడల్పు కూడా లేని పొడుగాటి పడవ, మనిషి నడిచినంత వేగం. సిడ్నీ గార్డెన్స్‌లో 1800లో పోతపోసిన ఇనుప వంతెనల కిందికెళ్లి పోయింది. ఊళ్లో ఏవన్ నది మీద పుల్ట్నీ వంతెన ఉంది, 1774 నాటికి పూర్తయిందట, రెండు పక్కలా దుకాణాలే. పైన నడిచేవాళ్లకు నది మీద ఉన్నట్టే తెలియదని వాడి మాట. మన కట్ట దానికంటే నాలుగు వందల ఏండ్లకు పైగానే పెద్దదని నేను గొప్పగా చెప్పాను. వాడు నవ్వాడు.

బాపు ఫోన్ లాక్కున్నాడు. "ఆ కాల్వ కింద ఎన్నెకరాలు పారుతది?"

"పొలాలకు కాదు తాతా, సరుకులు మోసేటందుకు తవ్విండ్రు. బొగ్గు గిట్ల. రైలు వచ్చినంక ఆ పని బందయింది."

"పొలానికి నీళ్లియ్యంది అదేం కాల్వరా! మరి గేట్లెందుకు?"

ఎత్తు పల్లాలున్న చోట పడవను గేట్ల మధ్య ఆపి, నీళ్లు నింపి పైకి లేపుతారనీ, డివైజెస్ అనే ఊరి దగ్గర ఒక్క గుట్టకే అలాంటివి 29 ఉన్నాయనీ వాడు ఓపిగ్గా చెప్పాడు. మామూలుగా గేట్లు తీసేదీ మూసేదీ పడవవాళ్లేనట.

"నీళ్లు వంతుల వారీగా ఇడిసే నీరటికాడు లేడా?"

"లేడు తాతా, ఎవలది వాళ్లే తీసుకుంటరు."

బాపు ఫోన్ నాకిచ్చేశాడు. "మన తాన గట్ల ఇడిసిపెడితే తెల్లారేసరికి తలకాయలు పల్గుతయి."